బోరు కొలిచాకే మోటారు

మా చీనీ (బత్తాయి) తోట అనంతపురం జిల్లా నార్పల దగ్గర ఉంది. కరెంటు స్తంభాలు తోటకు కిలోమీటరున్నర దూరంలోనే ఆగిపోయాయి. మూడు వేసవులు అద్దె జనరేటరుతో పాత మోటారు నడిపి చెట్లను బతికించుకున్నాను.

సోలార్ మోటారు కోసం వెళితే దుకాణదారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని ఎకరాలు సార్?" రెండు అనగానే 5 హార్స్ పవర్ పెట్టించుకోమన్నాడు. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయని మాత్రం అడగలేదు. నాకు మనసొప్పక తిరిగి వచ్చేశాను.

నైలాన్ తాడు చివర పెద్ద నట్టు కట్టి, పది అడుగులకొక ఎర్ర గుడ్డ పీలిక ముడివేసి బోరులోకి వదిలాను. పైకి లాగితే పదకొండు పీలికలు పొడిగా వచ్చాయి, పన్నెండోది తడిసింది. జనరేటరు పెట్టి నాలుగు గంటలు నీళ్లు తోడాక మళ్లీ వదిలితే పద్దెనిమిది పొడిగా వచ్చాయి. అంటే నీళ్లు ఎత్తాల్సింది 110 అడుగుల నుంచి కాదు, 180 అడుగుల నుంచి. అప్పుడే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే 2 నిమిషాల 20 సెకన్లకు నిండింది. నిమిషానికి 85 లీటర్లు, అదే నా బోరు శక్తి. 5 హార్స్ పవర్ మోటారు మిట్టమధ్యాహ్నం అంతకు రెట్టింపు లాగి బోరును ఎండగడుతుంది.

220 చెట్లకు నడివేసవిలో చెట్టుకు 90 లీటర్లు వేసుకున్నా రోజుకు 20,000 లీటర్లు. తొట్టి ఎత్తు, పైపుల రాపిడి కలిపి 60 మీటర్లు ఎత్తాలి. దానికి కచ్చితంగా కావలసింది 3.3 యూనిట్లే అయినా మోటారులో, పంపులో పోయేది కలిపి 7 యూనిట్లు అనుకున్నాను. ఐదు గంటల గట్టి ఎండకు 1,400 వాట్ల సోలార్ పలకలు చాలు. దుమ్ముకూ, మబ్బుకూ కలిపి 1,800 వాట్లు, 2 హార్స్ పవర్ తీసుకున్నాను. బ్యాటరీ జోలికి వెళ్లలేదు. నిల్వ ఉండాల్సింది నీళ్లే కాబట్టి ఆ డబ్బుతో తొట్టి కట్టించాను.

పలకలు వరుసగా కలిపి ఉంటాయి కనుక ఒకదాని మీద నీడ పడితే వరుస మొత్తం నీరసిస్తుంది. అందుకే వేప చెట్టుకు దూరంగా బిగించాం.

తాడు పంపు గదిలో మేకుకు వేలాడుతోంది. ప్రతి అమావాస్యకూ కొలిచి కేలండరు మీద రాస్తున్నాను. ఈ వైశాఖంలో పంతొమ్మిదో పీలిక కూడా పొడిగానే వచ్చింది.