మా చిన్న హాల్లో ఈ వారం, వచ్చే వారం

ఈ వారం మా కమ్యూనిటీ హాల్లో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' వేశాం. 1948 నాటి ఇటాలియన్ సినిమా. హీరోకి దొరికిన పోస్టర్లు అంటించే ఉద్యోగానికి సైకిల్ తప్పనిసరి, దాన్ని తాకట్టు విడిపించడానికి అతని భార్య దుప్పట్లు తాకట్టు పెడుతుంది, తీరా పనిలో చేరిన మొదటి రోజే సైకిల్ పోతుంది. కథ అంతే. కానీ హోటల్లో హీరో కొడుకు, ఆ పిల్లాడు, చీజ్ సాగదీసుకుని తింటూ పక్క టేబుల్ దగ్గరున్న డబ్బున్న అబ్బాయిని చూసే చూపు ఉంది చూశారూ, దాని ముందు ఎంత పెద్ద డైలాగైనా దిగదుడుపే! తండ్రిగా చేసినాయన అసలు నటుడే కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. అందుకేనేమో ఆ నడకలో, ఆ భుజాల వాలులో ఎక్కడా నటన కనిపించదు. సంగీతం మాత్రం అక్కడక్కడా కాస్త ఎక్కువైందనిపించింది నాకు.

వచ్చే వారం సత్యజిత్ రే తీసిన బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలి', 1955. దీని ఒరిజినల్ నెగటివ్, అంటే మొదట చిత్రీకరించిన అసలు ఫిల్మ్, 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింది. కాలి పెళుసుబారిన ఆ రీళ్లలో పనికొచ్చేవాటిని ఎంతో ఓపికగా బాగుచేసి, మిగతా భాగాలకు వేరే కాపీలు వాడి, 2015లో 4కె ప్రింట్‌గా, అంటే చాలా స్పష్టంగా కనిపించే డిజిటల్ కాపీగా విడుదల చేశారు. మేం వేసేది అదే. డీవీడీ కొన్నంత మాత్రాన పదిమందికీ వేసే హక్కు రాదు కాబట్టి ప్రదర్శన అనుమతి విడిగా తీసుకున్నాం, టెన్షన్ లేదు. రైలు సీన్ పెద్ద తెర మీద చూడాలి, ఫోన్‌లో చూసినవాళ్లు కూడా తప్పకుండా రండి, కాస్త ముందే వస్తే మధ్య వరుసలో సీట్లు దొరుకుతాయి.