సి0012 ఎక్కడుంది?

మా ఆయన ఇవాళ హార్డ్‌డిస్క్ సర్దారు. నన్ను అడగకుండా. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఈ వేళప్పుడు టైపు చేస్తున్నాను.

షష్టిపూర్తి వీడియో ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందనగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ తెరిస్తే ప్రతి షాటూ ఎర్రగా ఉంది. మీడియా ఆఫ్‌లైన్, అంటే ఉండాల్సిన చోట ఫైలు దొరకడం లేదని. ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు కదా, ఏ ముక్క ఏ ఫోల్డర్లో ఉందో, దాన్ని ఎక్కడ కోశామో ఆ లెక్క ఒక్కటే ఉంటుంది. ఈయనేమో రెండు మెమరీ కార్డుల ఫైళ్లూ 'ఫంక్షన్' అనే ఒకే ఫోల్డర్లో పోశారు. మా కెమెరా ప్రతి కార్డుకీ ఫైళ్ల పేర్లు సి0001 నుంచే మొదలుపెడుతుంది. పేర్లు కలిసిపోయి కొన్నిటి చివర 2 వచ్చి చేరింది. తెగిన షాటుకి ఫైలు చూపించే లింక్ మీడియా నొక్కి సి0012 చూపిస్తే, నాన్న మంగళసూత్రం కట్టాల్సిన చోట బంతి భోజనాలు వచ్చాయి. ఇలాంటివి నలభై. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. అమ్మకి ఏం చెప్పను?

2003లో అమీర్‌పేటలో మల్టీమీడియా కోర్సు చేసేటప్పుడు ముగ్గురం కలిసి డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గోల్కొండ మీద సీడీ చేశాం. బొమ్మలు క్యాస్ట్‌లోకి, అంటే ఆ ఫైల్లోకే వచ్చేసేవి, వీడియో మాత్రం ఎప్పుడూ బయటే విడి ఫైలుగా ఉండేది. అది మర్చిపోయి, నొక్కితే ప్లే అయ్యే ఫైలు (ప్రొజెక్టర్ అంటారు) ఒక్కటే సీడీలో రాశాం. సార్ ముందు ప్లే చేస్తే, ఆ వీడియో ఎక్కడుందో చూపించమని పెట్టె తెరుచుకుంది. సార్ తిట్టలేదు. ఇంకో ఖాళీ సీడీ చేతిలో పెట్టి, "ముందు ఫోల్డర్ చెయ్యండమ్మా, అన్నీ అందులోకి తెచ్చుకున్నాకే సాఫ్ట్‌వేర్ తెరవండి" అన్నారు. సీడీ రైటర్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే, దాని దగ్గర లైను. హాస్టల్‌కి చేరేసరికి అన్నం అయిపోయింది. పెరుగు తాగి పడుకున్నాను.

ఇది రాస్తుంటే తడుతోంది, మరి ఈసారి నేను ఆ ఫోల్డర్ చేశానా? పాటలు డౌన్‌లోడ్స్‌లో, టైటిల్ బొమ్మలు డెస్క్‌టాప్ మీద, తమ్ముడు పంపిన ఫోటోలు ఇంకెక్కడో. ఆయన ముట్టుకోకపోయినా ఏదో ఒకరోజు తెగేవే. ప్రీమియర్‌లోని ప్రాజెక్ట్ మేనేజర్‌లో అన్నిటినీ ఒకచోటికి కాపీ చేసే ఆప్షన్ ఉంది, ఒక్కసారీ వాడలేదు.

అయినా ఒక మాట అడగాల్సింది.

వెతుకుతుంటే సి0031లో నాన్న అమ్మ కొంగు సర్దుతూ కనిపించారు. అసలు టైమ్‌లైన్‌లో పెట్టనే లేదు నేను. ఇప్పుడు పెట్టాను. ఇప్పటికి పదహారు దొరికాయి.