చెక్కా రెజినూ కలిసే గీత

బర్ల్ చెక్కతో చేసిన పెన్ను చేతికిస్తే అందరూ ముందు రంగు గురించే అడుగుతారు. ఆ నీలం ఎలా వచ్చింది, ఏ రెజిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పోశావు అని. నేను మాత్రం ఎవరు చేసిన పెన్నయినా ముందు చెక్కా రెజినూ కలిసే గీత చూస్తాను. దాని మీద గోరు పెట్టి అడ్డంగా లాగితే ఎక్కడా తగలకూడదు. కంటికి రెండుగా కనిపించాలి, వేలికి ఒక్కటిగా తెలియాలి. నా పనంతా ఆ గీత కోసమే.

చెట్టు మాను మీదో, వేరు మొదట్లోనో లేచే బొడిపే బర్ల్. విచ్చుకోని మొగ్గలు అక్కడ గుంపుగా చేరతాయి. వాటి చుట్టూ పెరిగే చెక్కలో చారలు తిన్నగా పోవు, సుడులు తిరుగుతాయి. కోసి చూస్తే చిన్న చిన్న కళ్లు బయటపడతాయి. ఏ రెండు తునకలూ ఒకలా ఉండవు.

ఇంత అరుదైనది కాబట్టే ఎక్కడిదని అడగకుండా కొనకూడదు. మొరాకోలో దొరికే థూయా అనే చెట్టు బర్ల్ నేల లోపల, వేరు మొదట్లో పెరుగుతుంది. తవ్వి తీస్తే చెట్టు పోయినట్టే. దాని మీద మోజు ఈనాటిది కాదు. ఆ చెక్కతో చేసిన ఒక బల్లకు రోమన్ నాయకుడు సిసిరో 5 లక్షల సెస్టర్సులు (అప్పటి రోమన్ నాణేలు) పోశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ పార్కుల్లో బర్ల్ దొంగలు రాత్రుళ్లు రంపాలతో బతికున్న చెట్ల మీద పడుతుంటే, 2014లో అక్కడి ఒక రోడ్డును రాత్రిపూట మూసేశారు. రెడ్‌వుడ్ చెట్టు కొత్త పిలకలు వేసేది ఆ బొడిపెల్లోంచే మరి. అందుకే ఎక్కడిదో చెప్పలేని చెక్క ఎంత అందంగా ఉన్నా నాకు వద్దు. గిన్నెలు, బల్లలు చేసేవాళ్ల దగ్గర మిగిలిపోయిన మూలలు నాకు చాలు. పెన్నుకు కావాల్సింది ముప్పావు అంగుళం మందం, 5 అంగుళాల పొడవు, అంతే.

ఆ మూలల్లో సగానికి సగం గుల్లలు, పగుళ్లు, లోపలికి చొచ్చుకుపోయిన బెరడు. ఉత్త చెక్కగా, ముక్కను గిర్రున తిప్పే యంత్రం లేత్‌కి ఎక్కిస్తే పెచ్చులై ఎగిరిపోతాయి. లేని భాగాన్ని రెజిన్‌తో పూరిస్తే అవే పెన్నులవుతాయి. రెజిన్ మీద నాకు గౌరవం ఉన్నది ఇందుకే. మెరుపు పొడి దండిగా కలిపి పోస్తే చూపంతా దాని మీదికే పోతుంది, చెక్క వెనకబడుతుంది. నేను ఒక్క రంగే వాడతాను, అదీ ముదురుది.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది బక్‌ఐ అనే చెట్టు బర్ల్. మీగడ రంగు నేల మీద బూడిద, నీలం జీరలు. చాలా మెత్తటి చెక్క, కాబట్టి ముందు దాన్ని గట్టిపరచాలి. ఓవెన్‌లో 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి, తూకం ఇక దిగదనుకునేదాకా ఆరబెడతాను. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా లాభం లేదు. చెక్కలో తడి మిగిలితే, తర్వాత గుల్లల్లో పోసే పాలీయురేథేన్ రెజిన్ దానితో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అతుకు దగ్గర నురగ కడుతుంది. నాకు కావాల్సిన గీత అక్కడే పోతుంది.

ఆరిన ముక్కను వేరే పల్చటి రెజిన్‌లో ముంచి వాక్యూమ్ పెడితే, అంటే పాత్రలోని గాలి లాగేస్తే, చెక్కలోని గాలి బుడబుడమంటూ గంటల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది. బుడగలు ఆగాక వాక్యూమ్ వదిలితే బయటి గాలి ఒత్తిడే రెజిన్‌ని చెక్క లోపలికి తోస్తుంది. తర్వాత ఓవెన్‌లో వేడి చేస్తే గట్టిపడుతుంది. థూయా లాంటి నూనె చెక్కకు ఇది సరిగా పట్టదు, అవసరమూ ఉండదు.

గుల్లలు పూరించే పోతకు మాత్రం వాక్యూమ్ కాదు, ఒత్తిడి కావాలి. పాలీయురేథేన్ రెండు పాళ్లూ కలిపాక మన చేతిలో ఉండేది నిమిషాలే. అచ్చులో పోసి ప్రెషర్ పాట్‌లో పెట్టి 60 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి 60 పౌండ్ల ఒత్తిడికి) తెస్తే లోపలి బుడగలు అయిదో వంతుకు కుంచించుకుపోయి కంటికి కనబడవు. గట్టిపడేదాకా ఆ ఒత్తిడి తగ్గకూడదు.

ఇక లేత్. ఉలి ఆనించగానే రెండు పదార్థాలూ చెవికి విడివిడిగా తెలుస్తాయి. రెజిన్ బుస్సుమంటూ పొడవాటి రిబ్బన్లుగా లేస్తుంది. చెక్క గరగరమంటూ పొట్టుగా రాలుతుంది. ఒక్క చుట్టులోనే ఆ శబ్దం మారి మళ్లీ మారుతుంది. ఉలి పదును తగ్గిన సంగతి ముందు రెజిన్ వైపే తెలుస్తుంది, రిబ్బన్ తెగి తెల్లటి పొడి రాలుతుంది. అప్పుడు బలం పెట్టకూడదు. ఆపి, ఉలి నూరుకుని రావాలి.

శాండ్ పేపర్ దగ్గర ఇంకా జాగ్రత్త. చెక్క త్వరగా అరుగుతుంది, రెజిన్ నెమ్మదిగా అరుగుతుంది. లేత్ తిరుగుతుండగా ఒకేచోట ఒత్తి పట్టుకుంటే గీత దగ్గర సన్నటి మెట్టు లేస్తుంది. అందుకే ఉలితోనే వీలైనంత నునుపు చేసి, కాగితాన్ని చిన్న చదునైన చెక్కకు చుట్టి వాడతాను. ఒక్కో గ్రేడు అయ్యాక లేత్ ఆపి పొడవునా రుద్దుతాను. చెక్క పొడి రెజిన్ మీద గీతలు పెడుతుంది కాబట్టి మధ్యమధ్య తుడవాలి. అతి నున్నటి 12000 గ్రేడు కాగితం దాకా ఇదే వరస. విసుగు పుట్టదా అంటారు. నాకు పెన్ను చేయడంలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

చెక్కకు సిరా తగలనివ్వను. లోపల సన్నటి ఎబొనైట్ గొట్టం అతికిస్తాను, పాళీని పట్టి ఉంచే ముందు భాగం, సెక్షన్, కూడా ఎబొనైట్‌దే. 1851లో నెల్సన్ గుడ్‌యియర్ పేటెంట్ తీసుకున్న ఈ గట్టి రబ్బరు సిరాకు చెడదు, మరలు చక్కగా పడతాయి. నల్లటిది కావడంతో రెజిన్‌లోంచి లోపలి భాగాలూ కనిపించవు.

మూత మర గురించి పెన్నులు చేసేవాళ్లతో నాకు ఎప్పుడూ వాదనే. చాలామంది మూడు దారుల మర, అంటే పక్కపక్కనే మూడు గాళ్లు తిరిగేది, వేస్తారు. మూత ఒక చుట్టుకే ఊడి వస్తుంది, నిజమే. కానీ పెట్టేటప్పుడు మూడు చోట్ల ఎక్కడైనా పట్టుకుంటుంది. మూత మీది గీతా ఒంటి మీది గీతా కలిసేది అందులో ఒక్కచోటే. నేను ఒంటి దారి మరే వేస్తాను. మూత తీయడానికి ఇంకో రెండు చుట్లు పడితే పడనీండి, బిగించిన ప్రతిసారీ గీత కలిసి తీరాలి.