ఫ్రేము లెక్కకు ముందు ఫ్రేము బొమ్మ: నా గేట్ సివిల్ ప్రిపరేషన్

రిజల్ట్ వచ్చింది. గేట్ (ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) సివిల్‌లో మూడంకెల ర్యాంకు. ఈ వాక్యం రాసే రోజు కోసం చాలాకాలంగా ఎదురుచూశాను, అందుకే ముందు అదే రాసుకున్నాను.

రెండు రోజులుగా గుంటూరు నుంచి, బెజవాడ నుంచి జూనియర్లు అడుగుతున్నారు: "అక్కా, మెకానిక్స్, స్ట్రక్చర్స్ ఎలా చదివావు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అందరికీ కలిపి రాయడం మేలనిపించింది. 65 ప్రశ్నలు, వంద మార్కులు, ఏ సబ్జెక్టుకి ఎంత వెయిటేజీ, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫ్రేమును (కడ్డీలు కలిపి కట్టిన చట్రాన్ని) విడదీసి, ముక్కముక్కకీ ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే దాని మీద పడే బలాలన్నీ బాణాలుగా చూపే బొమ్మ, గీయడం చేతికి అలవాటయ్యేదాకా స్లోప్ డిఫ్లెక్షన్, మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ లాంటి పెద్ద పద్ధతులు ముట్టుకోకండి.

అంతకుముందు రాసినప్పుడు క్వాలిఫై అయ్యాను గానీ ఆ ర్యాంకుకి పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం) కాదు కదా, నచ్చిన ఎన్‌ఐటీ కూడా వచ్చేలా లేదు. కోచింగ్‌లో స్టాటిక్స్‌ని (కదలని వస్తువుల మీద బలాల లెక్కలు) ఒక్క సాయంత్రంలో దాటించేశారు. ఫస్టియర్‌లో చదివిందే కదా అన్నారు. అక్కడి నుంచి నేరుగా మేట్రిక్స్ మెథడ్స్. నోట్సు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో, రంగురంగుల పెన్నులతో, పరుపు కింద పెట్టుకునేంత జాగ్రత్తగా ఉండేది.

ఆ నోట్సు 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో పోయింది. మేముండేది సింగ్‌నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. ఆ రోజులు ఎలా గడిచాయో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అదే సమయంలో కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. 1957లో కట్టిన మన ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకొచ్చి గుద్దుకుంటే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఇల్లు కడుక్కుంటూ ఆ వార్త విన్నప్పుడు నాకు తట్టిన మొదటి ప్రశ్న, బ్యారేజీ గేటుకి అసలు కౌంటర్ వెయిట్ ఎందుకు అని. గేటు బరువుని అవతల వేలాడే దిమ్మె చాలావరకు మోస్తుంది. ఎత్తే యంత్రం మీద మిగిలిన తేడా, నీటి ఒత్తిడి వల్ల గాడుల్లో పుట్టే రాపిడి మాత్రమే పడతాయి. ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీస్తే కొన్ని బాణాల్లో తేలిపోయే విషయం. అన్నేళ్లుగా ఆ బ్యారేజీ మీద తిరుగుతూ దాన్ని ఎప్పుడూ అలా చూడలేదు.

నోట్సు లేదు కాబట్టి లెనిన్ సెంటర్లో ఒక పాత మెకానిక్స్ పుస్తకం కొనుక్కుని, తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. సాల్వ్ చేసిన లెక్క ఎదురుగా లేనప్పుడే మనకి ఏది వచ్చో ఏది రాదో తెలుస్తుంది.

అసలు మలుపు దసరా ముందు వచ్చింది. గోడలు ఆరాక రంగులు వేయడానికి మా బాబాయి వచ్చాడు. ఆయనది అదే పని. మడత నిచ్చెన తెచ్చి హాల్లో పెట్టి, రెండు కాళ్ల మధ్య తాడు కట్టాడు. టైల్స్ మీద ఇంకా తడి ఉంది. నేను తుడవడానికి అడ్డమొస్తోందని ఆ తాడు మీద చెయ్యి వేస్తే, "తియ్యకమ్మాయ్, కాళ్లు రెండూ జారిపోతాయ్" అని కేకేశాడు. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే వదులుగా ఉన్న తాడు బిగుసుకుంటూ వచ్చింది. బకెట్ పక్కన పెట్టేసి, అక్కడే నేల మీద కూర్చుని లెక్క వేశాను.

మీరూ వేయండి. నిచ్చెన ఎత్తు 2 మీటర్లు. కాళ్లు ఏ, బీ మధ్య దూరం 2 మీటర్లు. పైన కలిసే పిన్ సీ. తాడు సరిగ్గా సగం ఎత్తులో, అంటే 1 మీటరు దగ్గర. మనిషి బరువు 800 న్యూటన్లు, ఏ వైపు కాలి మీద 1.5 మీటర్ల ఎత్తులో నిలబడ్డాడు. నిచ్చెన బరువు వదిలేద్దాం. నేల నునుపు, కాబట్టి కింద అడ్డం రియాక్షన్ (నేల తిరిగి నెట్టే బలం) లేదు.

ముందు మొత్తం నిచ్చెనని ఒకే వస్తువుగా తీసుకోండి. ఏ చుట్టూ మొమెంట్ (బలం ఇంటూ దూరం, అంటే తిప్పే ప్రభావం) తీస్తే బీ రియాక్షన్ 300, ఏ రియాక్షన్ 500. చాలామంది ఇక్కడ ఆగి, తర్వాత జాయింట్ దగ్గర సమీకరణాలు రాయడం మొదలుపెడతారు, ట్రస్ (చివర్ల దగ్గరే బలాలు పడే కడ్డీల చట్రం) అన్నట్టు. ఇది ట్రస్ కాదు. కాలు మధ్యలో మనిషి ఉన్నాడు, మధ్యలో తాడు లాగుతోంది. అది వంగే మెంబర్ (కడ్డీ). దాంట్లో బలం దాని పొడవు వెంటే ఉంటుందనుకోవడానికి వీల్లేదు. జాయింట్ల పద్ధతి పనికిరాదు, విడదీయాల్సిందే.

బీ కాలుని ఒక్కదాన్నే బయటకి తీయండి. దాని మీద కింద నేల 300 పైకి, మధ్యలో తాడు లోపలికి, పైన పిన్ నుంచి రెండు తెలియని బలాలు. సీ చుట్టూ మొమెంట్ తీస్తే ఆ రెండూ ఎగిరిపోతాయి. 300 ఇంటూ 1 మీటరు, తాడు బలం ఇంటూ 1 మీటరు సమానం. తాడులో 300 న్యూటన్లు. పిన్ సీ దగ్గర అడ్డంగా 300, నిలువుగా 300, కలిపితే సుమారు 424. ఇప్పుడు ఏ కాలుతో సరిచూడండి: 500 ఇంటూ 1, అందులోంచి 800 ఇంటూ 0.25 తీసేస్తే 300. సరిపోయింది. మనిషి చిట్టచివరి దాకా ఎక్కితే తాడులో 400 వస్తుంది. బాబాయి ఎక్కే కొద్దీ తాడు ఎందుకు బిగుసుకుందో కాగితం మీద కనిపించింది.

ఆ రాత్రి త్రీ హింజ్‌డ్ పోర్టల్ ఫ్రేములు (గుమ్మం ఆకారంలో, మూడు పిన్నులున్న చట్రాలు) మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అవి అంతకుముందు నాకు ఫార్ములాలు. ఆ రాత్రి నుంచి రెండు ముక్కలు, మధ్యలో ఒక పిన్. ఒక లెక్క చూడండి. స్పాన్ 8 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు, కింద రెండు పిన్ సపోర్టులు, బీమ్ మధ్యలో హింజ్. బీమ్ అంతటా మీటరుకి 20 కిలోన్యూటన్లు. నిలువు రియాక్షన్లు చెరో 80. ఎడమ సగాన్ని తీసి హింజ్ చుట్టూ మొమెంట్: 80 ఇంటూ 4, మైనస్ 80 ఇంటూ 2, మైనస్ అడ్డం రియాక్షన్ ఇంటూ 4 ఈజ్ ఈక్వల్ టు సున్నా. అడ్డం రియాక్షన్ 40, లోపలి వైపుకి. మూల దగ్గర మొమెంట్ 40 ఇంటూ 4, అంటే 160 కిలోన్యూటన్ మీటర్లు, బయటి వైపు టెన్షన్ (లాగుడు). స్టీలు ఏ వైపు వేయాలో ఆర్సీసీలో అడిగే ప్రశ్నకి సమాధానం కూడా ఇదే బొమ్మలో ఉంది.

అదే ఫ్రేముకి ఆ లోడు తీసేసి ఎడమ మూల దగ్గర అడ్డంగా 30 కిలోన్యూటన్లు కుడివైపుకి పెట్టండి. ఇక్కడ నాకు దొరికింది దాచుకోకుండా చెబుతున్నా. కుడి సగం మీద ఏ లోడూ లేదు. రెండు చివర్ల పిన్నుల దగ్గర తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. మూల దగ్గర వంపు తిరిగినా సరే అది టూ ఫోర్స్ మెంబరే, అంటే రెండు చోట్లే బలాలు పడతాయి, ఆ రెండూ ఆ చోట్లని కలిపే గీత వెంటే ఉంటాయి! కాబట్టి కుడి సపోర్టు రియాక్షన్ కచ్చితంగా హింజ్ గుండా పోవాలి. 4 మీటర్లు పక్కకి, 4 మీటర్లు పైకి, అంటే 45 డిగ్రీలు. నిలువు, అడ్డం సమానం. మొత్తం ఫ్రేముకి మొమెంట్ తీస్తే కుడి నిలువు రియాక్షన్ 15. ఇక రాయడానికేముంది, అడ్డం కూడా 15. ఎడమ వైపు అడ్డం 15, నిలువు 15 కిందకి. అర నిమిషంలో అయిపోయింది. మెంబరు వంకరగా ఉంటే టూ ఫోర్స్ కాదనుకుని ఈ దారి వదిలేసేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. అందుకే ఫ్రేము చూడగానే ముందు వెతకాల్సింది వీటినే.

ఇంకొన్ని ఇక్కడే చెప్పేస్తాను. పిన్ మీదే లోడు పడితే దాన్ని ఏదో ఒక మెంబరుకే ఇవ్వండి, రెండింటికీ ఇస్తే లోడు రెట్టింపవుతుంది. ఒక ముక్క మీద పిన్ బలాన్ని ఏ దిశలో గీశారో, రెండో ముక్క మీద దానికి ఎదురు దిశలోనే గీయాలి, జవాబు మైనస్ వచ్చినా సరే మధ్యలో బాణం తిప్పకండి. ఫ్రేముకి కప్పీ ఉంటే దాన్ని తీసేసి దాని ఇరుసు దగ్గర తాడు బలాలు రెండూ పెట్టేయొచ్చు. రియాక్షన్లు మూడు, సమీకరణాలు మూడు ఉన్నాయి కదా అని ధైర్యపడకండి. మూడూ నిలువుగా మాత్రమే ఆపే రోలర్లైతే ఫ్రేము పక్కకి దొర్లిపోతుంది. మూడూ ఒకే బిందువు గుండా పోయినా అంతే, ఆ బిందువు చుట్టూ తిరుగుతుంది. చివరగా, వాడని ఒక బిందువు చుట్టూ మొమెంట్ తీసి సరిచూసుకోవడం. న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నల్లో నెగెటివ్ మార్కులు లేవు నిజమే, కానీ దారి తప్పామని చెప్పడానికి ఆప్షన్లు కూడా ఉండవు.

టెంపరేచర్ మీద వచ్చే కాన్సెప్ట్ ప్రశ్న కూడా ఇందులోంచే. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే మన బెజవాడ ఎండకి త్రీ హింజ్‌డ్ ఫ్రేము పొడవు పెరుగుతుంది, హింజ్ కాస్త లేస్తుంది, లోపల బలాలేమీ పుట్టవు. మధ్య హింజ్ తీసేసి టూ హింజ్‌డ్ చేస్తే పెరగడానికి సపోర్టులు ఒప్పుకోవు, అడ్డం రియాక్షన్ పుడుతుంది. సపోర్టు కుంగినా ఇదే తర్కం. డిటర్మినేట్ (సమతౌల్య సమీకరణాలతోనే బలాలన్నీ తేలిపోయేది) అన్న మాటకి అర్థం ఇదని తెలిశాక ఇన్‌డిటర్మినేట్ చాప్టర్లు నాకు చాలా తేలికయ్యాయి.

మిగతా సబ్జెక్టుల గురించి పెద్దగా చెప్పేది లేదు. మ్యాథ్స్, ఆప్టిట్యూడ్ రోజూ కొంచెం. ఆర్సీసీకి ఐఎస్ 456, స్టీలుకి ఐఎస్ 800 కోడ్ క్లాజులు పుస్తకంలోంచే. ఎన్విరాన్‌మెంట్, సర్వేయింగ్ చివర్లో. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని, తెర మీద కాలిక్యులేటర్‌తోనే. రిటైనింగ్ వాల్, స్లోప్ స్టెబిలిటీ, నీటి గేటు మీద హైడ్రోస్టాటిక్ బలం, ఇవన్నీ నాకు ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లుగానే కనిపించాయి కాబట్టి సాయిల్స్, ఫ్లూయిడ్స్ కూడా దానితోపాటే లాక్కొచ్చాను.

ఒక మాట మాత్రం చెప్పి తీరాలి. హైదరాబాద్‌లో సైట్ ఇంజనీరు ఉద్యోగం వస్తే వద్దన్నాను. పెళ్లిళ్లలో "ఇంకా చదువుతూనే ఉన్నావా" అని అడిగినవాళ్లంతా నేను పని తప్పించుకుంటున్నాననుకున్నారు. నేను తెల్లారకముందే లేచాను. ఫోన్ అమ్మ దగ్గర పెట్టాను. ఇంట్లో నీళ్లు, బురద ఉన్న రోజుల్లో ఠాగూర్ లైబ్రరీలో మూసేదాకా కూర్చున్నాను. ఇంట్లో కూర్చుని చదవడం కూడా పనే. దానికి జీతం ఉండదు, సెలవూ ఉండదు. మీ ఇంట్లో కూడా ఆ ప్రశ్న వస్తుంటే సమాధానం చెప్పడానికి శక్తి ఖర్చు చేయకండి, ఆ సమయానికి ఒక ఫ్రేము గీయండి. చదవాలనిపించినప్పుడు చదవడం కాదు, కుర్చీలో కూర్చునే వేళ మారకూడదు. వేళ మారనివాళ్లకే లెక్క లొంగుతుంది, నేను చూసింది అదే.

ఈ రాత్రికి మీకో పని. పైన చెప్పిన నిచ్చెన లెక్కలో మనిషి అక్కడే ఉన్నాడు. తాడుని మాత్రం నేల నుంచి అర మీటరు ఎత్తుకి దించండి. ఏ సూత్రమూ చూడకుండా, రెండు కాళ్లనీ విడివిడిగా గీసి, తాడులో బలం, పిన్ సీ దగ్గర బలం తేల్చండి. తాడులో 200 న్యూటన్లు రావాలి, పిన్ దగ్గర 360 కంటే కాస్త ఎక్కువ.