వెలిసిపోయిన సోరే పట్టీ

ఈ రోజంతా ఒక్క కువెట్ (వర్ణపటం తీయడానికి ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్ర) ముందే గడిచిపోయింది. ఉదయం ఐరన్ టెట్రాఫినైల్‌పార్ఫిరిన్ క్లోరైడును, అంటే పార్ఫిరిన్ అనే పెద్ద వలయం మధ్యలో ఇనుము ఉన్న ఉత్ప్రేరకాన్ని, డైక్లోరోమీథేన్‌లో కరిగించి వర్ణపటం తీస్తే, 417 నానోమీటర్ల దగ్గర సోరే పట్టీ, అంటే పార్ఫిరిన్ కాంతిని బలంగా పీల్చుకునే శిఖరం, నిటారుగా లేచింది. మెటా క్లోరోపెరాక్సీబెంజాయిక్ ఆమ్లం అనే ఆక్సీకరణిని చుక్కలుగా కలుపుతూ చూస్తున్నకొద్దీ ఆ శిఖరం కుంగుతూ వచ్చింది. గోధుమ రంగు పలచబడి, చివరికి కువెట్‌లో ఎండుగడ్డిని తలపించే లేత పసుపు మిగిలింది. ఎన్నిసార్లు చూసినా ఆ వెలిసిపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఆక్సీకరణి ఇనుముకు ఆక్సిజన్ అందించినప్పుడు ఏర్పడే ఆక్సో రూపం ఎంత చురుకైనదంటే, ఆక్సిజన్ అందుకోవడానికి దగ్గరలో ఆల్కీన్ (కార్బన్ల మధ్య ద్విబంధమున్న అణువు) దొరకకపోతే అది పక్కనున్న మరో పార్ఫిరిన్ అణువు మీదికే పోతుంది. దాడికి ఎక్కువగా గురయ్యేవి నాలుగు పైరోల్ వలయాలను కలిపే మీసో కార్బన్లు. అక్కడ వలయం తెగితే ఏకాంతర ద్విబంధాల అల్లిక చెదిరి, రంగు శాశ్వతంగా పోతుంది. మన శరీరంలో హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ రక్తంలోని ఇనుప పార్ఫిరిన్ అయిన హీమ్‌ను బిలివర్డిన్ అనే ఆకుపచ్చ వర్ణకంగా మార్చేదీ మీసో స్థానంలో వలయాన్ని తెంచే. కమిలిన చర్మం కొన్నాళ్లకు ఆకుపచ్చగా మారడం ఆ మార్పు వల్లనే.

మధ్యాహ్నం క్రమం మార్చాను. ముందుగా సైక్లోఆక్టీన్ అనే ఆల్కీన్‌ను ధారాళంగా పోసి, అంతే ఆక్సీకరణిని చాలా నెమ్మదిగా, విడతలుగా కలిపితే సోరే పట్టీ చాలావరకు నిలబడింది. 1979లో గ్రోవ్స్ బృందం ఇదే తరహా ఉత్ప్రేరకంతో వాడిన అయొడోసిల్‌బెంజీన్ అనే ఆక్సీకరణి ద్రావణిలో సరిగా కరగదు. అది కొద్దికొద్దిగానే అందుబాటులోకి రావడం పార్ఫిరిన్‌కు కొంత మేలు చేస్తుందని నాకనిపిస్తుంది.

సాయంత్రం 2,6-డైక్లోరోఫినైల్ సమూహాలున్న పార్ఫిరిన్‌తో ఉదయపు ప్రయోగాన్నే, సైక్లోఆక్టీన్ లేకుండా, మళ్లీ చేశాను. వలయానికి పైనా కిందా నిలిచే క్లోరిన్లు రెండు అణువులను దగ్గరకు రానీయవు, మీసో కార్బన్లకు అడ్డుగా ఉంటాయి, ఎలక్ట్రాన్లను లాగి వలయాన్ని ఆక్సీకరణానికి లొంగకుండా చేస్తాయి. ఉదయం పట్టీని పూర్తిగా తుడిచిపెట్టిన మోతాదుకు ఇక్కడ అది కొద్దిగా మాత్రమే తగ్గింది.

ఉత్పత్తి దిగుబడిని ఒక్కదాన్నే రాసి, చివర్లో ఉత్ప్రేరకం ఎంత మిగిలిందో రాయకపోతే ఆ ఫలితం సగమే అని నా గట్టి నమ్మకం. అందుకే నోటుపుస్తకంలో ప్రతి చర్యకూ ముందటి, తరువాతి సోరే శోషణ విలువలకు రెండు గడులు గీసి, ఈ రోజు అంకెలతో నింపాను.