స్పాంజ్‌ను తెల్లగా ఉతికిన ఆదివారం

మా అక్వేరియం 90 లీటర్లది. అందులో పన్నెండు నియాన్ టెట్రాలు, అయిదు కోరీ చేపలు. ట్యాంక్ పెట్టిన ఏడో నెలలో ఒక ఆదివారం ఫిల్టర్ విప్పితే స్పాంజ్ నిండా గోధుమ రంగు జిగురు. దాన్ని కుళాయి కింద పెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి పిండి ఉతికాను. సిరామిక్ రింగుల్నీ అలాగే రుద్దాను. ట్యాంక్‌లో సగం నీళ్లు మార్చాను. ఆ సాయంత్రం అద్దం వెనక అంతా ఎంత తేటగా ఉందో చూసి చాలా సంతోషపడ్డాను.

మూడో రోజు పొద్దున టెట్రాలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లలో అమ్మోనియా ఎంతుందో చూసే కిట్ అంతకుముందు ఎప్పుడూ పసుపు రంగే, అంటే అమ్మోనియా లేదనే, చూపించేది. ఆ రోజు ఆకుపచ్చకు తిరిగింది. రెండు వారాల్లో నాలుగు టెట్రాలు చనిపోయాయి. వాటిని తీసి పాతిపెడుతున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

నేను మురికి అనుకున్న ఆ జిగురులోనే ట్యాంక్ ప్రాణం ఉంది. చేపల మొప్పల నుంచి, మిగిలిన మేత నుంచి వచ్చే అమ్మోనియాను అక్కడి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే పని నైట్రోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాది అని పాత పుస్తకాల్లో ఉండేది. 1990ల చివర్లో అక్వేరియంలను పరీక్షించినప్పుడు కనిపించింది మాత్రం నైట్రోస్పిరా అనే వేరే బ్యాక్టీరియా. అందులో కొన్ని రకాలు అమ్మోనియాను ఒంటరిగా నైట్రేట్ దాకా తీసుకెళ్లగలవని 2015లో తేలింది. అంత పని చేసే జీవుల్ని నేను సింకులోకి పంపేశాను.

వీటి ఎదుగుదల చాలా నెమ్మది. అన్నీ అనుకూలిస్తే పేగుల్లో ఉండే ఈ.కొలై బ్యాక్టీరియా 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి గంటలు గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. కొత్త ట్యాంక్ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది అందుకే.

నీళ్లు మారిస్తే బ్యాక్టీరియా పోతుందని భయపడి నెలల తరబడి మార్చని వాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. అవి నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజ్‌కి, రింగులకి, ఇసుకకి, గాజుకి అంటుకుని బతుకుతాయి. సగం నీళ్లు తీసేసినా వాటిలో దాదాపు అన్నీ ట్యాంక్‌లోనే ఉంటాయి. ప్రమాదమంతా కొత్తగా పోసే నీళ్లలోని క్లోరిన్‌తోనూ, మనం కడిగే తీరుతోనూ.

ఇప్పుడు ట్యాంక్ నుంచి తీసిన నీళ్లను ముందు ఒక బకెట్‌లో పట్టుకుంటాను. స్పాంజ్‌ను ఆ నీళ్లలోనే రెండు మూడు సార్లు మెల్లగా నొక్కి వదులుతాను, అంతే. రంగు పోవాల్సిన పనిలేదు, నీళ్లు ధారాళంగా పారితే చాలు. రింగులు ఆ వారం ముట్టను. వాటి వంతు ఇంకో నెలలో. కొత్త స్పాంజ్ వేయాల్సి వస్తే పాతదాని పక్కనే కనీసం నెల రోజులు ఉంచుతాను.

కొత్త నీళ్లకు క్లోరిన్‌ను విరిచే మందు, డీక్లోరినేటర్, తప్పనిసరి. క్లోరిన్ ఒక్కటే అయితే గాలి తగిలేలా రోజంతా ఉంచితే పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ అలా పోదు. మీ కుళాయి నీళ్లలో ఏది కలుపుతారో ఒకసారి కనుక్కోండి. వేడి కూడా చూడాలి. ట్యాంక్ నీళ్లలో ఒక చెయ్యి, బకెట్‌లో ఒక చెయ్యి పెట్టి తేడా తెలియకపోతేనే పోస్తాను.

ఈ జీవులకు ఆక్సిజన్ నిరంతరం అందాలి. నీళ్లు మార్చేటప్పుడు ఫిల్టర్ ఆపాక మళ్లీ స్విచ్ వేయడం మర్చిపోతే, మూసి ఉన్న డబ్బా ఫిల్టర్‌లో గంటల్లోనే లోపలి నీళ్లు కుళ్లడం మొదలవుతుంది. అలా జరిగితే ఆ నీళ్లు పారబోసి, స్పాంజ్‌ను, రింగుల్ని ట్యాంక్ నీళ్లతో తడిపి, అప్పుడే ఆన్ చేయాలి.

టెట్రాలు చనిపోతున్న ఆ రెండు వారాలూ మేత బాగా తగ్గించి, రోజూ పాతిక శాతం నీళ్లు మార్చాను. ఒక స్నేహితుడు తన ఫిల్టర్‌లోని పాత స్పాంజ్‌ను సగం కోసి, ట్యాంక్ నీళ్ల కవర్లో తడిగా తెచ్చి ఇచ్చాడు. అది పెట్టిన అయిదో రోజుకు కిట్‌లో పసుపు తిరిగొచ్చింది. ఆ ముక్క ఇంకా మా ఫిల్టర్‌లోనే ఉంది, నల్లబడి, జిగురుగా.