ఉత్తరానికి బదులు వెళ్లిన బొమ్మ

గ్లేసియర్ పార్క్ చూసి వస్తూ అమెరికాలోని మాంటానా రాష్ట్రంలో గ్రేట్ ఫాల్స్ అనే ఊళ్లో ఒక రోజు ఆగాం. కౌబాయ్‌ల బతుకును బొమ్మలుగా వేసిన చిత్రకారుడు చార్లెస్ రసెల్ మ్యూజియం చూడకుండా వెళ్లొద్దని పట్టుబట్టింది నేనే. మా పిల్లలకు కౌబాయ్ అంటే తుపాకీ, గుర్రం. నాకు మాత్రం ఆయన రాసిన ఉత్తరాలు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

రసెల్ 1864లో సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. పదహారేళ్లకే మాంటానా వచ్చి, పదేళ్లకు పైగా పశువుల మందల దగ్గర పనిచేశాడు. ఎక్కువగా రాత్రి కాపలా. పగలు తీరిక దొరికితే బొమ్మలు వేసుకునేవాడు. మ్యూజియం ఆవరణలో ఆయన ఇల్లు, పక్కనే 1903లో టెలిఫోన్ స్తంభాల దుంగలతో కట్టించుకున్న స్టూడియో ఉన్నాయి.

ఉత్తరాల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. కాగితం మీద ముందు రంగుల బొమ్మ, దాని చుట్టూ అక్షరాలు. స్పెల్లింగులు తప్పులే. అయినా చదువుతుంటే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

ఆయనకు పేరు తెచ్చిన బొమ్మ కూడా ఒక ఉత్తరం కోసం వేసిందే. 1886 వేసవిలో వానల్లేక గడ్డి ఎండిపోయింది. ఆ చలికాలం మంచు ముంచెత్తింది. మధ్యలో కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టడంతో నేలంతా మంచుపెంకు కట్టింది. పశువుల మూతికి గడ్డి అందలేదు. మంద ఎలా ఉందో రాయమని హెలెనా పట్నం నుంచి యజమాని అడిగాడు. మాంటానాలోనే జూడిత్ బేసిన్ అనే ప్రాంతంలోని ర్యాంచ్‌లో, అంటే పశువులను పెంచే క్షేత్రంలో, ఫోర్‌మన్ జవాబు రాస్తుంటే, పక్కనున్న రసెల్ అరచేతిలో పట్టేంత అట్టముక్క మీద బొమ్మ గీశాడు. మంచులో నిలబడ్డ బక్కెద్దు, దాన్నే కనిపెట్టుకుని ఉన్న తోడేళ్లు. కింద 'చినూక్ కోసం ఎదురుచూపు' అని రాశాడు. చినూక్ అంటే రాకీ పర్వతాల నుంచి వీచి మంచు కరిగించే వెచ్చటి గాలి. ఇక ఉత్తరం అక్కర్లేదని ఫోర్‌మన్ ఆ బొమ్మనే పంపాడు.

మాది అనంతపురం జిల్లా. డొక్కలెండిన ఎద్దును సంతకు తోలుకెళ్లే ముందురోజు మా తాత అన్నం ముట్టలేదు. పశువులు పోవడం గురించి ఆయన ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ అట్టముక్క బొమ్మ నకలు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

మ్యూజియం నుంచి బయటికి వచ్చాక, దారి ఎక్కువైనా ఫర్వాలేదని కారు జూడిత్ బేసిన్ వైపు తిప్పించాను. ఆ చలికాలం తర్వాతే ఇక్కడి ర్యాంచ్‌లవాళ్లు పశువులను బయటి గడ్డికే వదిలేయడం తగ్గించి, కంచెలు వేసి, చలికాలానికి మేత కోసి దాచడం మొదలుపెట్టారు. రోడ్డుకు రెండువైపులా కోసిన గడ్డి, మనిషెత్తు చుట్టలుగా వరసలు తీరి ఉంది. స్టాన్‌ఫర్డ్ ఊరు వచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.